సిరిపాలి ఎక్కిన తొమ్మిది మెట్లు

కొండల నడుమ ఉన్న మణిగిరి రాజ్యంలో మూడేళ్లుగా నీళ్లు లేవు. కొండమీది ఊటను ఒక రాక్షసి రాతితలుపు వేసి బంధించింది. "పుట్టుకతోనే నడక కరువైన పాదం, ఎవరూ మోయకుండా ఈ తొమ్మిది మెట్లూ ఎక్కితేనే తలుపు తెరుచుకుంటుంది" అని నవ్వి, అక్కడే కాపలా కూర్చుంది. ఎక్కినవారికి రాజ్యమే ఇస్తానని, బిడ్డలు లేని ముసలిరాజు చాటింపు వేయించాడు.

కట్టెలు కొట్టే ఓబులేసు కూతురు సిరిపాలికి పదేళ్లు. తల్లి లేదు. పుట్టినప్పుడు ఊపిరి అందక ఆలస్యంగా ఏడ్చిన బిడ్డ. కాళ్లు కొయ్యల్లా బిగుసుకుని, కత్తెరలా ఒకదానిమీద ఒకటి పడేవి. ఓబులేసు ఆమెను వీపున కట్టుకుని, అడవులు దాటి, వైద్యం తెలిసిన ముసలి ఎలుగుబంటి, ఎలుగుతాత గుహకు చేరాడు.

"శాపం విప్పు తాతా!" అని కాళ్లమీద పడ్డాడు.

ఎలుగుతాత సిరిపాలి మోకాళ్లను మెల్లగా వంచి చూశాడు. "ఇది శాపం కాదు నాయనా. విప్పడానికి మంత్రమూ లేదు. ఈ బిగువు పూర్తిగా పోదు, బలం మాత్రం పెంచవచ్చు. నొప్పి ఓర్చుకుంటావా తల్లీ?"

"నడుస్తానా తాతా?"

"కొన్ని అడుగులు."

"చాలు."

ఆనాటినుంచి రోజూ ఓబులేసు వెచ్చటి ఆముదంతో మర్దనా చేసి, ఆమె పిక్కలు సాగదీసేవాడు. సిరిపాలి దుంగమీద కూర్చుని లేచేది; మొదట రెండుసార్లు, పోనుపోను ఇరవైసార్లు. చీలమండలకు ఇసుకమూటలు కట్టుకుని కాళ్లెత్తేది.

"ఇంక నావల్ల కాదయ్యా" అని ఏడిస్తే, "ఇంకొక్కటి, నా తల్లివి కదూ" అని బుజ్జగించేవాడు.

అడవిలోనూ సెలయేళ్లు ఎండిపోయాయి. ఓబులేసు తన వంతు నీళ్లు కూడా కూతురికే పోసి, తాను తాగానని చెప్పేవాడు. ఏడాది తిరిగింది. సిరిపాలి చేతికర్రల ఊతంతో నిలబడి నాలుగడుగులు వేసిన వారానికే, అతడు దప్పికతో కన్నుమూశాడు. అప్పటికి గాని ఎలుగుతాత ఆ నీళ్ల సంగతి ఆమెకు చెప్పలేదు.

"ఆ మెట్లు నేనెక్కుతాను తాతా" అంది సిరిపాలి. తాత ఆమెను మోసుకొచ్చి మెట్ల మొదట దించాడు. మూడో మెట్టుమీద రాక్షసి, "రా, నేనెత్తుకుంటాను" అంది. సిరిపాలి తల అడ్డంగా ఊపింది. ఆరో మెట్టుమీద కాళ్లు వణికి పడిపోయింది. మోచేతులు చీరుకుపోయాయి.

"మీ అయ్యే పోయాక ఎవరికోసమే ఈ తిప్పలు? కూర్చుని ఏడువు" అంది రాక్షసి.

"ఏడుస్తాను. ఎక్కుతూనే ఏడుస్తాను" అని సిరిపాలి కర్రలందుకుని లేచింది.

తొమ్మిదో మెట్టుమీద పాదం మోపగానే తలుపు బద్దలైంది. రాక్షసి పొగై పోయింది. నీళ్లు దూకాయి. కింద జనం కేరింతలు కొట్టారు. సిరిపాలి దోసిలి పట్టింది గాని, గుక్కెడైనా గొంతు దిగలేదు.

"అయ్యా, నీళ్లొచ్చాయి" అని వెక్కివెక్కి ఏడ్చింది.

రాజు మాట తప్పలేదు. సిరిపాలి మణిగిరిని నలభై ఏళ్లు చల్లగా ఏలింది. బిగుసుకున్న కాళ్ల బిడ్డలకు కోట ముంగిట ఎలుగుతాత చేత సాధన చేయించింది. తానూ వాళ్ల పక్కనే నేలమీద కూర్చునేది. ఏ బిడ్డైనా మొదటిసారి లేచి నిలబడితే నగారా మోగేది. కన్నవాళ్లు ఆ బిడ్డను గుండెలకు హత్తుకునే వేళ రాణి కాసేపు లోపలికి వెళ్లి, ముఖం కడుక్కుని వచ్చి, అందరికీ బెల్లం పంచేది.