నల్లగౌను లోపలి రెండంగుళాలు

కెరుబినా గొడుగైనా ముయ్యకుండా దుకాణంలోకి వచ్చి, నల్లగౌనును తిరగేసి కుట్టుమిషను మీద పడేసింది.

"ఏం మేస్త్రీ, నేనింకా ఎన్నేళ్ళు ఏడవాలని నీ కోరిక?"

"ముందు ఆ గొడుగు ముయ్యి. గుడ్డంతా తడుస్తోంది," అన్నాడు దర్జీ జెఫెరిన్. "ఏమైంది?"

"తడిమి చూడు. పక్క కుట్ల లోపల రెండంగుళాల గుడ్డ! చావుబట్టకి ఎవరైనా లోపల గుడ్డ వదుల్తారా?"

వదలరు. కుంకళ్ళి బజారులో నిన్నమొన్న సూది పట్టినవాళ్ళకీ ఆ సంగతి తెలుసు. పెళ్ళయ్యాక పిల్ల ఒళ్ళు చేస్తుందని ఎర్రగౌనుకు వదులుతారు. నల్లగౌను ఏడాది తొడిగి తీసేసేది. అందులో గుడ్డ మిగిల్చితే దుఃఖానికి చోటు మిగిల్చినట్టే. తాతల కాలం నుంచి జెఫెరిన్ ఇంట్లో రెండు రకాలూ కుడుతున్నారు. ఈ తప్పు ఎవరూ చెయ్యలేదు.

"అన్సెల్మ్ వాళ్ళమ్మ చూసింది." కెరుబినా గొంతు తగ్గింది. "ఏమీ అనలేదు. అరిచినా బాగుండేది."

రెండు నెలల కిందట కెరుబినా ఇంటి వసారాలో, టపాకాయల మోతలో, ఆమె సాడో కత్తిరించింది జెఫెరినే. పెళ్ళికూతురి ఎర్రగౌను అది; కత్తిరించడమే ఒక వేడుక. దాని మీద ఒక్క కుట్టయినా పడకముందే, పెళ్ళికొడుకు అన్సెల్మ్ పనిచేసే ఓడ నడిసముద్రంలో తగలబడిందని కబురొచ్చింది. శవం కూడా రాలేదు. కత్తిరించిన ఎర్రముక్కలు పాత పేపర్లో చుట్టి పై అరలో ఉండిపోయాయి.

మూల కూర్చుని గుండీలు కుడుతున్న జెఫెరిన్ తల్లి పియెదాద్ తలెత్తింది. ఆమెకు చూపు సగం పోయింది. వేళ్ళతోనే పని నడిపిస్తోంది.

"చెప్పరా. నోట్లో సూదులున్నాయా? నన్ను చెప్పమంటావా?"

జెఫెరిన్ కత్తెర పక్కన పెట్టాడు. "నల్లబట్టకి నీకు టేపు పెట్టలేదు. చేతులు రాలేదు. సాడో కొలతలతోనే కత్తిరించేశాను. నువ్వు తొడుక్కుంటే కొయ్యకి తగిలించినట్టుంది. అందుకే పక్కలు లోపలికి తీసి కుట్టాను."

"మిగిలింది కోసి పారెయ్యొచ్చుగా?"

"కత్తెర పట్టాను. కోస్తే నువ్విక ఇలాగే ఉండిపోతావని ఒప్పుకున్నట్టనిపించింది. ఎప్పటికైనా మళ్ళీ కడుపునిండా తింటావనుకున్నాను."

బయట వాన జోరందుకుంది.

"ఇంకెవరి నల్లబట్టకైనా ఇలా వదిలావా?"

"లేదు."

ఆమె గౌను మడిచి సంకలో పెట్టుకుంది. కొయ్యమని మాత్రం అనలేదు.

తర్వాత గుండీ ఊడిందనో, అంచు జారిందనో వస్తూండేది. పియెదాద్ చేపలపులుసు కలిపిన అన్నం ముందు పెట్టేది. "తిను పిల్లా. మావాడు గుడ్డ ఊరికే వదల్లేదు."

మొదట్లో నాలుగు మెతుకులు. తర్వాత సగం కంచం. ఒకరోజు నవ్వేసి, తప్పు చేసినట్టు నోరు మూసుకుంది. జెఫెరిన్ చూడనట్టే మిషను తొక్కాడు.

ఏడాది పూజ అయిన ఉదయం చర్చి నుంచి నేరుగా అన్సెల్మ్ తల్లి రెమెదియ వచ్చింది. వెనకే కెరుబినా. నల్లగౌను పక్కల్లో బిగిసిపోయి ఉంది.

"లోపల గుడ్డుంది పిన్నీ, వదులు చేసిస్తాను," అన్నాడు జెఫెరిన్.

"వద్దు. పట్టకపోతే తీసేస్తుంది. నా కొడుకు పెళ్ళికి కత్తిరించిన ఎర్రగుడ్డ నీ దగ్గరుంది. ఇటివ్వు."

ఇచ్చాడు. ఆమె పేపరు విప్పకుండానే గుండెలకు ఆనించుకుంది. "వాడికి సమాధి లేదు. శిలువ కింద పెట్టడానికి నాకేదో ఒకటి కావాలి."

సంచిలోంచి కొత్త ఎర్రగుడ్డ తీసి బల్ల మీద పెట్టింది. "ఇది ఈ పిల్లకి. ఎవరి కోసమని అడక్కు. ఏడాదిగా నా ఇంటికొస్తే ముద్ద దిగలేదు దీనికి. మీ ఇంట్లో తిని ఒళ్ళు చేసింది. నాకు కళ్ళున్నాయి."

"పెళ్ళికొడుకు తన చేత్తో సాడో కుట్టకూడదు రెమెదియా," అంది పియెదాద్ మెల్లగా.

"నువ్వు కుట్టు."

"నాకు సూది బెజ్జం కనపడదే."

"నాకు కనపడుతుంది. దారం నేనెక్కిస్తాను."

కెరుబినా ఏడుస్తోంది. జెఫెరిన్ కొలతల పుస్తకం తెరిచాడు. ఆమె కన్నీళ్ళు తుడుచుకోకుండానే దాన్ని మూసేసింది.

"పాత కొలతలొద్దు మేస్త్రీ. టేపు పెట్టు."

రెమెదియ గోడవైపు తిరిగి నిలబడింది. జెఫెరిన్ మెడలోంచి టేపు తీశాడు.