రైటర్ రాకముందు

2006. మధ్యాహ్నం రెండు. చింతామణి టమోటా మండీలో, క్రేట్ల మధ్య చెన్నరాయప్ప శవం. మెడలో విషపు సూది. అతను సీక్రెట్ సర్వీస్ మనిషని శత్రువుకెలా తెలిసింది?

చిక్కబళ్ళాపురం సర్వర్ రూమ్ బయట చీఫ్ గిరీశ్ బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది.

"ఏజెంట్ల లిస్టు లోపలి మెషీన్‌లో ఉండాది. ఎవరో కాపీ చేసినారు. ఇంకా తొమ్మిది ప్రాణాలు ప్రమాదంలో ఉండాయి. అడ్మిన్ ప్రేమ మీద అనుమానం. ఐదింటి బస్సుకు బాగేపల్లి పోతాంది. సాక్ష్యం లేకుండా ఆపలేను."

టైమ్ నాలుగూ యాభై. మండీలో ఆర్నెల్లుగా హమాలీ వేషంలో ఉన్న ఏజెంట్ ముత్యాలప్ప తలకు ఇంకా తువ్వాలుంది.

అతను లోపలికి పోగానే మెషీన్ ముందున్న ప్రేమ నవ్వింది. పట్టుచీర, ఫారిన్ సెంటు. "లాగ్ చూసుకోప్పా. పొద్దున నేనే బూట్ చేసినా. సిస్‌లాగ్ లేచినప్పట్నించి ఒక్క తప్పుంటే చూపించు."

"లేవకముందు?" అన్నాడు ముత్యాలప్ప.

"అప్పుడు రాసేవాడే లేడు కదప్పా!"

మండీలో లెక్కలు రాసే రైటర్ పొద్దున ఏడింటికి వస్తాడు. లారీలు తెల్లవారుజామున నాలుగింటికే వస్తాయి. ఎవరి సరుకు ముందు దిగిందో అంతదాకా హమాలీ బుర్రలో ఉంటుంది. రైటర్ రాగానే అప్పజెబుతాడు. లైనక్స్ కూడా అంతే. లాగ్ రాసే ప్రోగ్రామ్ సిస్‌లాగ్ లేవకముందు జరిగినవి కర్నెల్ మెమొరీలో దాచుకుంటుంది, ఆ తర్వాతే అవి ఫైల్లోకెక్కుతాయి. ఫైల్లో చెరిపినా మెమొరీలోవి పోవు. రీబూట్ చేస్తే తప్ప.

ముత్యాలప్ప కీబోర్డు మీద, ఆ మెమొరీని చూపించే కమాండ్, dmesg అని కొట్టాడు.

ప్రేమ చెయ్యి పవర్ బటన్ మీదికి దూకింది. వేలు తగిలేలోపే తువ్వాలు ఆమె మణికట్టుకు చుట్టుకుంది.

స్క్రీన్ మీద వరుసలు పరుగెత్తాయి. బూట్ మొదలైన పదకొండో సెకన్లో USB డ్రైవ్. సిస్‌లాగ్ లేచింది తొమ్మిది నిమిషాల తర్వాత. ఆ మధ్యలో బూట్ ఆపి లిస్టు లాగేసింది, ఫైల్లోంచి ఆ వరుస చెరిపేసింది.

"డ్రైవ్ యాడ ఉండాది?"

ముత్యాలప్ప ఆమె బ్యాగు బోర్లించాడు. లిప్‌స్టిక్ దొర్లింది. ప్రేమ పెదాలకు మాత్రం రంగు లేదు. ముత్యాలప్ప మూత లాగితే లోపల USB మొన.

"చెన్నరాయప్ప పేరు ముందే ఎందుకిచ్చినావమ్మా?"

"సరుకు నిజమైందేనా అని అడిగినారు," అంది ప్రేమ తాపీగా. "మచ్చు చూపించినా."

మురుగమల్ల దర్గాకు పోయినప్పుడల్లా ఆమెకు ప్రసాదం చక్కెర తెచ్చిచ్చినవాడు చెన్నరాయప్ప.  ఆ సెంటు కంటే కుళ్ళిన టమోటా వాసనే నయమనిపించింది ముత్యాలప్పకు.

ఆమెను జీపెక్కించాక గిరీశ్ అడిగాడు. "ఇంతకీ సిస్‌లాగ్ లేచేది ఎప్పుడప్పా?"

ముత్యాలప్ప తువ్వాలు దులిపి, చేతులు సబ్బుతో రెండోసారి కడుక్కున్నాడు.

"దొంగా, హమాలీ ఇద్దరూ వచ్చేసినాక, సార్. మండీ రైటర్ మాదిరే."