గుట్టెక్కే సైకిలు

ఆదివారం పొద్దున శ్రీశైలమ్మ వాకిలి ఊడుస్తుంటే కొడుకు జగదీషు ఆదోని నుంచి ఆటోలో ఒక సైకిలు వేసుకొచ్చాడు. లావు చక్రాలు, నడుమ కిందికి వంగిన కడ్డీ, దానికి ఇటుకంత బ్యాటరీ. కొండదారుల్లో కూడా పోయే కరెంటు సైకిలట. అంగడాయన సాయంత్రం దాకా తొక్కి చూడమన్నాడు. నచ్చకపోతే వాపసు.

"నాయనకే. మోకాళ్లకు సైకిలు మంచిదని డాక్టరు చెప్పినాడు కదా" అన్నాడు జగదీషు.

"నన్నడిగి తెచ్చినావా?" మగ్గం గుంతలోంచి కాళ్లు తీయకుండానే అన్నాడు నరసప్ప.

తండ్రీకొడుకుల పేచీ వాళ్లకే వదిలేసి, శ్రీశైలమ్మ చీపురు పక్కన పడేసి సైకిలు చుట్టూ తిరిగింది.

"ఏమిరా, ఇది దానంతట అదే పోతాదా?"

"లేదమ్మా. మనం తొక్కితే అది సాయం చేస్తాది. కాళ్లు ఆపితే అదీ ఆగుతాది."

"దోవలో కరెంటు అయిపోతే?"

"ఉత్త సైకిలే. కాకపోతే బరువు."

ఆమె వెనక చక్రం ఎత్తబోయి వదిలేసింది. "గడప దాటించాలంటే ఇద్దరు కావల్ల" అంది. మెల్లిగా అడిగింది. "గుట్టెక్కుతాదా?"

ఏ గుట్టో ఇంట్లో అందరికీ తెలుసు. ఆమె అక్క ఉచ్చీరమ్మ గుట్ట మీది ఊళ్లో తుంటి విరిగి మంచాన పడింది. ఆటో గుట్ట కిందే దింపుతుంది. పైకి రాళ్లదారి, సగంలోనే శ్రీశైలమ్మకు ఆయాసం. ఎవరిదైనా బండి అడిగి తీసుకుపొమ్మంటే నరసప్ప "ఈ చీర మగ్గం దిగనీ" అంటాడు. ఒక చీర దిగుతుంది, ఇంకొకటి మొదలవుతుంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆమె అడిగీ అడిగీ ఊరుకుంది.

కొడుకు బతిమాలితే చివరికి నరసప్ప సైకిలెక్కాడు. చిన్నప్పటి నుంచి మగ్గం తొక్కిన కాలు కదా, ఒకటి నొక్కి ఆగాడు, మళ్లీ నొక్కి ఆగాడు. నొక్కినప్పుడల్లా సైకిలు ముందుకు దూకింది, ఆగినప్పుడల్లా చతికిలపడింది. చూస్తుండగానే పోయి ఎదురింటి దేవక్క గోడకు గుద్దుకుంది. దెబ్బ తగల్లేదు కానీ వీధంతా నవ్వింది.

"మగ్గం తొక్కినట్టు తొక్కితే ఎట్ల నాయనా?"

"నా కాళ్లకు తెలిసింది అదొక్కటే. అయినా నేను యాడికి పోవల్లని తెచ్చినావు? నూలు ఇంటికే వస్తాది, చీర ఇంటి నుంచే పోతాది."

జగదీషు ముఖం మాడిపోయింది. "నీ మంచి కోరడం నాదే తప్పు. ఇప్పుడే వాపసిచ్చి వస్తా."

"పోవల్సిన దాన్ని ఈడ నేనున్నా" అంది శ్రీశైలమ్మ. "నన్ను మాత్రం ఎవరూ అడగలేదు."

ఆమె చీర కచ్చపోసి కట్టి, సైకిలు వీధిలోకి తిప్పించుకుంది. పుట్టినూరు కౌతాళంలో చిన్నప్పుడు నాయన సైకిలు మీద వరిమడికి సద్ది మోసిన పిల్ల ఆమె. మొదట తడబడింది. తర్వాత ఎవరో వీపు మీద చెయ్యి వేసి నెట్టినట్టయింది. ఊరి చివరి ఎత్తు ఎక్కేసరికి కూడా ఊపిరి అందుతూనే ఉంది. అక్కడ నిలబడి కాసేపు ఏడ్చింది.

తిరిగొచ్చి దిగింది. "సీటు గట్టి. కంకర మీద జారుతాది, నిమ్మళంగా దిగల్ల. ఎక్కేది మాత్రం ఎక్కుతాది."

నరసప్ప గడపలోనే నిలబడి ఉన్నాడు. "నీకు సైకిలొస్తాదని నాకు తెలీనే తెలీదు" అన్నాడు.

"అడిగింటే చెప్పేదాన్ని."

అతను తల వంచుకున్నాడు. "వదినను చూడల్లని నువ్వన్నప్పుడల్లా నేను చీర అడ్డం పెట్టినా. తప్పు నాదే, శ్రీశైలా." కళ్లు తుడుచుకుంటూ లోపలికి పోయి, ఆమెకు నీళ్ల బాటిలు నింపి తెచ్చాడు.

"అంగడాయనకు ఏమని చెప్పల్లమ్మా?" అడిగాడు జగదీషు.

"గుట్టెక్కి దిగొచ్చి చెప్తాలే."

బయలుదేరే ముందు ఆమె అక్కకు ఫోను చేసింది.

"అక్కా, నీ దగ్గరికి వస్తాండా."

"ఈ రాళ్లదారిలో ఎవరు తోలకొస్తాండారే నిన్ను?"

"ఎవరూ లేరక్కా. నేనే వస్తాండా."

అవతల ఉచ్చీరమ్మ ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.