తొణకని సెగ

“దానికేటో అయ్యుంటాదండీ. పొద్దున్నుంచీ నా గుండె దడదడలాడతంది,” అంది వరహాలమ్మ, ఇంకా ఏమీ జరగకముందే.

భర్త సింహాద్రి నవ్వాడు. “కూతురి పొయ్యి ఆరితే భయం, వెలిగితే భయం. నీకు ధైర్యం ఎప్పుడొస్తాదే?”

ఆ కాలానికి సెగ ఎంచుకోవడం మనుషుల పని కాదు. వంట పేరు చెబితే చాలు, పాలకు సన్నసెగ, పులుసుకు నడిమిసెగ, వేపుడుకు పెద్దసెగ పొయ్యిలోని సెగసారథే చూసుకునేది. అడుగంటడమంటే ఏమిటో పిల్లలకు తెలియదు. వరహాలమ్మ పట్టుబట్టి కూతురి పొయ్యిని తన పొయ్యికి జతచేయించింది. విశాఖలో నీలవేణి ఏం వండినా, విజయనగరంలో ఈమె పొయ్యి అంచున ఆ సెగ ఎర్రటి గీతై కదిలేది. పిల్ల కడుపుతో ఉంది. అల్లుడు ఓడ మీద ఉద్యోగానికి పోయాడు. ఆ గీత కదిలితేనే ఈమెకు ముద్ద దిగేది.

గీత వెలిగింది.

“బెండకాయ వేపుడు. సెగ సక్రమం,” అంది సెగసారథి.

“విన్నావా? శుభ్రంగా వండుకుంటంది. ఇంక నాకు కూడా కాస్త పెట్టు.”

వరహాలమ్మ కదల్లేదు. చిన్నతనంలో పుల్లల పొయ్యి దగ్గర చేతులు కాల్చుకుని వంట నేర్చిన మనిషి ఆమె. కాగిన నూనెలో పచ్చిముక్కలు పడగానే మూకుడు చల్లబడుతుంది. పొయ్యి వెంటనే సెగ ఎగదోయాలి. జిగురు విడిచాక సన్నసెగకు దించాలి. ఈ గీత మాత్రం పెద్దసెగ దాకా ఎక్కి, అక్కడే తొణక్కుండా నిలబడిపోయింది.

“నిన్నా ఇలాగే ఉందండీ. మూకుట్లో ఏటీ పడలేదు.”

సెగసారథి సక్రమమనే అంటోంది. ఉత్త మూకుడుకు కావాలని సెగ పెట్టే మనిషి ఉంటుందని దానికెవరూ నేర్పలేదు.

వరహాలమ్మ కూతురికి ఫోన్ చేసింది.

“ఏం తిన్నావే అమ్మీ?”

“వేపుడు అయిపోవచ్చిందమ్మా. నువ్వు కంగారుపడకు.”

“ముక్కలెప్పుడేస్తావే?”

మరో రోజైతే కాళ్లు వాచాయా, కళ్లు తిరిగాయా, ఆస్పత్రికెళ్లావా అని వరహాలమ్మ ఊపిరాడనిచ్చేది కాదు. ఇవాళ ఆ ఒక్క ప్రశ్నే అడిగింది. సింహాద్రి నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. పొయ్యి అంచున ఎర్రగీత ఉన్నచోటే ఉంది. ఎంతసేపటికో అది దిగజారి ఆరిపోయింది. అక్కడ నీలవేణి చెయ్యి చాచి పొయ్యి ఆర్పినట్టుంది.

“కడుపు నిలవలేదమ్మా,” అంది నీలవేణి. “పొయ్యి వెలగకపోతే నువ్వు హడలిపోతావని, రోజూ ఉత్త మూకుడే పెడుతున్నాను.”