రోగి కుర్చీ

హోసూరు దగ్గర డెంకణికోటలో ఆ శనివారం మధ్యాహ్నం శిక్షణకు తొమ్మిదిమంది వచ్చారు. మంచం పట్టినవాళ్ల దగ్గర, చావుకు దగ్గరైనవాళ్ల దగ్గర, వాళ్లు పోయాక ఇంటివాళ్ల దగ్గర ఎలా కూర్చోవాలో, ఎలా వినాలో నేర్పే శిక్షణ అది. బడి సెలవు కాబట్టి ఒక తరగతి గది ఇచ్చారు. వాన జల్లు లోపలికి కొడుతోందని తలుపు గడియ పెట్టారు. కరెంటు పోయింది. టీ మాత్రం వేళకు వచ్చింది.

సుమ ముందు వరుసలో కూర్చుంది. శిక్షణ ఇచ్చే పుష్పావతి అంటే ఆమెకు ప్రాణం. పోయిన ఏడు సుమ తల్లి మునివెంకటమ్మకు చెంపలో పుండు లేచి, అది క్యాన్సర్ అని తేలి, ఆమె మూడు నెలలు నరకం చూసి పోయింది. ఆ మూడు నెలలూ సొంత చుట్టాలే గడప తొక్కలేదు. పుష్పావతి వారానికి రెండుసార్లు వచ్చేది. పుండు కడిగేది, వాసన రాకుండా పొడి చల్లేది. తర్వాత సుమను బయటికి పంపి, తలుపు మూసి, ముసలామె చెప్పేది వినేది. ఏం చెప్పిందో సుమ ఏనాడూ అడగలేదు.

"రోగి మనకు చెప్పిన మాట మనతోనే మట్టిలోకి పోవాల," అని పుష్పావతి ఆ రోజు మొట్టమొదట చెప్పింది. తర్వాత రెండు కుర్చీలు వేసింది. ఒకరు రోగిగా కూర్చోవాలి, ఒకరు ఎదురుగా కూర్చుని వినాలి. అయిపోగానే ఇద్దరూ లేచి, కుర్చీ చుట్టూ తిరిగి, ఎవరి పేరు వాళ్లు మూడుసార్లు చెప్పుకోవాలి.

"చెప్పకపోతే రోగి మనలోనే ఉండిపోతాది," అని నవ్వింది.

వినడానికి సుమ కూర్చుంది. రోగి కుర్చీలో ఐశ్వర్య. హోసూరు కంపెనీలో పనిచేసే తమిళ పిల్ల, తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. పుష్పావతి సాధన కోసం రాసిన కాగితాల కట్టలోంచి తీసిచ్చిన కాగితాన్ని సెల్‌ఫోను వెలుగులో పెట్టుకుంది.

"నా పేరు లక్ష్మి. ఇరవై ఐదేండ్ల ముందర... నా మొగుణ్ణి రాగిచేలో ఏనుగు తొక్కి చంపింది. టార్చి ఇంట్లో మరిచి పోయినాడు. 'టార్చి తేవే' అని చేలోనుంచి రెండుతూర్లు పిలిచినాడు. నేను మేలుకోనే ఉన్నాను. భయపడి పోలేదు. నిద్రలో ఉన్నానని అందరికీ అబద్ధం చెప్పినాను."

టార్చి మరిచి ఆ రాత్రి చేను కావలికి పోయింది సుమ నాయన సిద్దప్పే. కన్నకూతురికి కూడా అమ్మ చెప్పుకోలేని మాట, ఇంతమంది టీ తాగుతూ వింటున్నారు.

"అక్కా... ఇది మా అమ్మ."

పుష్పావతి తల ఎత్తలేదు. "పేరు మార్చినానమ్మా. నలుగురూ నేర్చుకుంటారని రాసినాను... ఈ కట్టలో ఉందని మరిచినాను."

"నిన్ను నమ్మి చెప్పుకోనింది కదక్కా!"

అప్పుడు వాసన వచ్చింది. ముందు ఆ పొడి వాసన... దాని అడుగున, పుండు వాసన.

ఐశ్వర్య చేతిలోంచి కాగితం జారిపోయింది. అయినా మాటలు ఆగలేదు. చున్నీతో ఎడమ చెంప కప్పుకుంది. నోటికి ఒక పక్కనుంచే మాట్లాడుతోంది. ఇప్పుడు తడబాటు లేదు.

"ఎవురికీ చెప్పనని నా చెయ్యి పట్టుకోని చెప్పినావే, పుష్పా."

పుష్పావతి గోడకు జారబడింది.

"సగం నువ్వు బయట పెట్టినావు. మిగిలింది నేను చెప్తా." ఆ మొహం మెల్లగా సుమ వైపు తిరిగింది. "నేను లేచినాను, సుమా. టార్చి తీసుకోని తలుపు గడియ కూడా తీసినాను. నా కొంగు పట్టుకోని వదలనిది ఎవురు?"

సుమకు అప్పుడు ఆరేళ్లు. ఆ రాత్రంతా సుమ నిద్రపోయిందనే అమ్మ చెప్పేది. తనూ అదే నమ్మింది. ఇప్పుడు... గరుకు చీర. చీకటి. పోవద్దమ్మా... పోవద్దు...

"అమ్మా... నువ్వు కూడా బయట పెడతావా?"

"ఇన్నేండ్లు నేనే మోసినాను. ఇంక నా చేత కాదు."

"పేరు చెప్పు, ఐశ్వర్యా! లేచి పేరు చెప్పు!" పుష్పావతి కేక పెట్టింది. ఎవరో ఐశ్వర్య రెక్క పట్టుకుని లేపి కుర్చీ చుట్టూ తిప్పారు.

"ఐశ్వర్య... ఐశ్వర్య... ఐశ్వర్య." గొంతు తనదే. బిత్తరపోయి చూసింది. "ఎన్నాచ్చు... ఏమైందక్కా? ఏల అందరూ ఇట్లా చూస్తా ఉండారు?"

కరెంటు వచ్చింది. వాసన పోయింది.

"నువ్వూ చెప్పు తల్లీ," అంటూ పుష్పావతి ఏడుస్తూ భుజం మీద చెయ్యి వేయబోయింది. సుమ ఆ చేతిని విదిలించి కొట్టింది. తనే లేచింది.

"సుమ... సుమ..."

మూడోసారి నోరు రాలేదు. కుడి పిడికిలి బిగుసుకుపోయి ఉంది. అందులో ఏమీ కనబడటం లేదు. అయినా చీర కొంగులా గరుగ్గా తగులుతోంది... ఏదో ఆ పిడికిలిని వాకిలి వైపు లాగుతోంది.

తలుపు గడియ నెమ్మదిగా జారింది.

బయట వానలో, బడి వెనకనుంచి, ఒక మగ గొంతు.

"టార్చి తేవే..."

రెండుసార్లు పిలిచాడని కాగితంలో ఉంది. ఈసారి వదలాలా అని సుమ తన పిడికిలి వైపే చూస్తూ, రెండో పిలుపు కోసం నిలబడిపోయింది.