ఆరని నది

ఇంటి వెనక గట్టెక్కితే ప్రాణహిత కనబడుతుంది. త్రివేణి మాత్రం దానికి వీపు పెట్టి కూర్చుని, ఎక్కడో దూరదేశంలో వందల ఏండ్ల కింద వేసిన ఇంకో నదిని గుడ్డ మీదికి ఎక్కిస్తోంది. గోధుమరంగు మబ్బులు, వంగిన చెట్లు, ఒడ్డున కట్టేసిన ఖాళీ పడవ. ఫోన్లో ఆ బొమ్మను పెద్దది చేసుకుని చూస్తూ, నూనెరంగుల పని తనకు తానే నేర్చుకుంటోంది. సోమవారం చంద్రపూర్‌లో ఈ నకలు చూపిస్తేనే చిత్రకళా కాలేజీలో సీటు.

రంగులు కొనిచ్చింది ఆశన్న మామ. నెరిసిన జుట్టుకు గోరింటాకు పట్టించి ఎర్రగా మెరిపించేవాడు.

"నన్ను గూడ ఆ పడవల కూసోబెట్టరాదె, కోడలా."

"నకలంటే నకలే మామా. నీ ఎర్ర బుర్రకు ఆ దేశంల జాగ లేదు."

కాలేజీ డిబేట్లలో కప్పులు కొట్టిన పిల్లతో వాదించి గెలిచేదెవరు? మామ నవ్వి ఊరుకునేవాడు. ఈ వానలకు నది దాటబోయి మునిగిపోయాడు. ఉబ్బి తేలాడు.

తర్వాత రంగులో కలిపే అవిసె నూనె అయిపోయింది. కొనుక్కొద్దామంటే వరదకు అహేరి పోయే తొవ్వ బంద్. చూరు కింద ఒక సీసాలో ఇప్పనూనె కనబడితే, ఏ నూనైతే ఏందని దాంతోనే రంగు కలిపి బొమ్మలో నీళ్లు వేసింది.

మబ్బులు ఆరాయి. చెట్లు ఆరాయి. నది ఆరలేదు.

పైన పసుప్పచ్చ పొర కట్టింది. వేలితో నొక్కితే మెత్తగా దిగి, ఆ గుంట మెల్లగా పూడుకునేది, నీళ్లలో నానిన కాలును నొక్కినట్టు. మొదట ముక్కిన నూనె వాసన. తర్వాత కుళ్లిన చేప. ఆ తర్వాత... త్రివేణికి తెలిసిన వాసనే. మామను గట్టు మీదికి తెచ్చినప్పుడు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్ననాటి వాసన. ఈగలు పడవను వదిలి నీళ్ల మీదే వాలుతున్నాయి.

ఆదివారం పొద్దుగూకే వేళ కరెంటు పోయింది. మామ భార్య గంగక్క దీపం పట్టుకుని వచ్చి, సీసా చూసి గడపలోనే ఆగిపోయింది.

"అది... యాడిది పిల్లా?"

"చూరు కింద ఉండె అత్తా."

"మీ మామకు రుద్దంగ మిగిలింది." గొంతు గుసగుసలోకి దిగింది. "నీళ్లల్ల పోయినోళ్లకు రుద్దినంక, మిగిలిన నూనె నదిలనే ఇడవాలె. నాకే ఇడువబుద్ధి గాలె..."

త్రివేణి చేతులు చూసుకుంది. వేళ్ల సందుల్లో, గోళ్ల కింద, అదే నూనె. నిన్న ఆ చేత్తోనే అన్నం తిన్నది.

"నదిల పారెయ్యి. బొమ్మ గూడ."

"పారేస్తే నా సీటో? ఆరని నూనె అత్తా, గంతే. గీకేస్త."

కత్తి ఆనించింది. పొర ముడతలు పడి, తోలులా ఊడింది. కింద తడి. చల్లని, చిక్కని తడి. కత్తికి ఏదో చుట్టుకుంది. లాగింది. వచ్చింది... ఇంకా వచ్చింది...

ఎర్ర వెంట్రుక.

గంగక్క నోరు మూసుకుని బయటికి పరుగెత్తింది. వాంతి చప్పుడు.

త్రివేణి ఏడవలేదు. కుంచెను ఆ సీసాలోనే ముంచింది.

"సరే మామా. నువ్వే గెలిచినవ్."

పడవలో చిన్న మనిషిని కూర్చోబెట్టింది. ఎర్ర తల.

తెల్లారేసరికి నది రాయిలా ఆరింది. గీకిన చోటు కూడా పూడుకుపోయింది. వాసన లేదు. తొవ్వ తెరిచారని తెలిసి, మళ్లీ చూడకుండా బొమ్మకు గుడ్డ చుట్టి తొలి బస్సెక్కింది.

చంద్రపూర్‌లో కాలేజీ మాస్టారు గుడ్డ విప్పి, ఫోన్లోని అసలు బొమ్మ పక్కన పెట్టి చూశారు. మరాఠీలో మెచ్చుకున్నారు. అచ్చం అదే నది, అదే మబ్బు, అదే ఖాళీ పడవ. సీటు వచ్చినట్టే అన్నారు.

ఖాళీ పడవ?

త్రివేణి తొంగి చూసింది. ఎవరూ లేరు.

ఏదో అనబోయింది. గొంతులో ఏదో అడ్డం పడింది... సన్నగా, నూనె జిడ్డుగా. రెండు వేళ్లు నోట్లో పెట్టి, నాలుక మీద తగిలిన కొసను పట్టుకుని లాగింది.

ఎర్రగా వచ్చింది. ఇంకా వస్తూనే ఉంది.