మహిపాల్ సారు సైటు తెరుచుకునేదాకా

"వందకు నలభై ఒకటా?"

తలుపు దగ్గర పొడుగాటి మనిషి నిలబడి ఉన్నాడు. తడిసిన జుట్టులోంచి నీళ్లు కారి కళ్లద్దాల మీద పడుతున్నాయి.

స్నిగ్ధ కంప్యూటరు మీంచి తలెత్తింది. ఆమె నాచారంలో ఫిజిక్స్ టీచరు. హైస్కూలు పిల్లల కోసం టీచర్లు సొంతంగా తయారుచేసిన ఫిజిక్స్ వెబ్‌సైట్లు పన్నెండు వచ్చాయి. వాటికి మార్కులు వేయడానికే వారం రోజులుగా సాయంత్రాలు ఉప్పల్‌లోని ఈ బడికి వస్తోంది. మంచివి మూడు ఏరి, అన్ని బడుల పిల్లలకూ ఇస్తారు.

"మీరు..."

"మహిపాల్. బోడుప్పల్ల ఫిజిక్స్ చెప్త. ఆర్నెల్లు కూసొని చేసిన మేడం. పాఠాలల్ల తప్పున్నదా?"

"పాఠాలు బంగారంలా ఉన్నాయండీ. అక్కడిదాకా చేరడమే కష్టం."

"గదేంది? నా లాప్‌టాప్‌ల టక్కున ఓపెన్ అయితది."

"మీ పిల్లలందరికీ లాప్‌టాప్‌లున్నాయా?"

మహిపాల్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. స్నిగ్ధ సంచిలోంచి అద్దం పగిలిన పాత ఫోను తీసింది. పిల్లల ఇళ్లలో ఉండేవి అలాంటివే కాబట్టి ప్రతి సైటునూ ముందు అందులోనే చూస్తుంది.

"కూర్చోండి, కలిసి చూద్దాం."

తెర మీద చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. బయట వాన జోరందుకుంది. చివరికి పైనుంచి నల్లగా ఏదో దిగింది.

"ఇదేంది?"

"మీ జుట్టు."

మొదటి పేజీ నిండా ఆయన ఫొటోనే. చారలు చారలుగా కిందికి దిగుతోంది.

"నుదురు వచ్చింది," అంది స్నిగ్ధ నవ్వాపుకుంటూ. "కనుబొమలకు ఇంకో పది సెకన్లు."

"జర ఊకోన్రి మేడం, ఇజ్జత్ పోతున్నది."

కళ్లు వచ్చాయి. స్నిగ్ధ తెర మీది కళ్లను చూసి, పక్కనున్న అసలు కళ్లను చూసింది. అసలువే బాగున్నాయి. చప్పున తల దించుకుని, "అదిగో ముక్కు," అంది, అవసరం లేకపోయినా.

"ఫొటో మా అమ్మ పెట్టమన్నది. సంబంధాలోళ్లకు లింకు పంపుతున్నది."

"కుదిరిందా మరి?"

"ఎవ్వలకూ ఓపెన్ అయితలేదు గద!"

స్నిగ్ధ ఇక ఆపుకోలేకపోయింది. ఆ నవ్వు చూసి మహిపాల్ తన నలభై ఒక్క మార్కులు మరిచిపోయాడు.

మార్కులు చూసుకుని సరిచేసుకోవడానికి అందరికీ పది రోజుల గడువుంది. పది రోజులూ అతను వచ్చాడు. ఫొటో పోయింది, తెరవగానే మోగే పాట పోయింది, తెర మీద రాలే చుక్కలు పోయాయి. కొత్త పాఠం ఒకటి చేరింది: వానలో నడిచేవాడు గొడుగు ముందుకెందుకు వంచాలి?

"నడిచి చూశారా, ఊరికే రాశారా?" అంది స్నిగ్ధ.

ఒక్క గొడుగుతో రింగ్ రోడ్డుదాకా నడిచారు. మహిపాల్ గొడుగును ముందుకు వంచాడు, ఆమె వైపూ వంచాడు. మెట్రో స్టేషను పక్కనున్న బస్‌స్టాపు చేరేసరికి అతని భుజం ముద్దయింది.

"లెక్క తప్పింది సార్, మీరు తడిశారు."

"ఒక్క మనిషికి రాసిన లెక్క మేడం. ఇద్దరికి మళ్ల రాయాలె."

స్నిగ్ధ ఆ సాయంత్రం బస్సులో తన స్టాపు దాటి రెండు స్టాపులు ముందుకు పోయింది.

గడువు ముగిసిన గురువారం, ఈ పనంతా చూసే ఛాయాదేవి కొత్త మార్కుల కాగితాలు ఇచ్చింది. ఒక్కొక్కదాని పైన ఒక మాట రాసి ఉంది: ఈ టీచరు నాకు బంధువు కారు, కావలసినవారు కారు. పదకొండింటి మీద స్నిగ్ధ చకచకా సంతకాలు పెట్టింది. పన్నెండో దాని మీద పెన్ను ఆగింది.

"ఏమ్మా, చుట్టమా?"

"కాదండీ."

"అయితే పెట్టు సంతకం."

"పెట్టలేనండీ."

ఛాయాదేవి ఆమెను ఎగాదిగా చూసి, ఆ కాగితం పక్క బల్ల దగ్గర మార్కులు వేస్తున్న ఉమామహేశ్వర్ సారు ముందు పెట్టింది. ఆయన ఎవరికీ యాభై దాటి వేయడు. అతని ఆరు నెలల కష్టాన్ని నా చేతులతో ముంచానా అనుకుంటూనే స్నిగ్ధ మిగతా పదకొండూ దిద్ది వరండాలోకి వచ్చింది.

ఎదురుగా మహిపాల్. "నా సైటు మీరు దిద్దనన్నరంట? గంత ఖరాబుగున్నదా?"

"చాలా బాగుంది."

"మరేంది?"

"కావలసినవాళ్లవి దిద్దకూడదట."

మహిపాల్ చెవులు ఎర్రబడ్డాయి. "ఎవలకు ఎవలు కావలసినోళ్లు?"

"ఇన్ని ప్రశ్నలు మా పిల్లలు కూడా అడగరు సార్."

"అయితే ఆదివారం మా అమ్మను తీస్కొని నాచారం రానా?"

"పదకొండింటికి రండి. మా నాన్న కాఫీ బాగా పెడతారు."

"మహిపాల్!" లోపలినుంచి ఛాయాదేవి కేకేసింది. "ఎనభై రెండు! ఉమామహేశ్వర్ గారు ఎనభై రెండు వేశారయ్యా! మూడింట్లో నీదొకటి!"

ఆమె తలుపుదాకా వచ్చి, ఇద్దరి వాలకం చూసి, నవ్వుకుంటూ వెనక్కి పోయింది.

"ఆదివారానికి ఇంకెన్ని రోజులున్నయి?" అని అడుగుతున్నాడు ఫిజిక్సు సారు.

గురువారం నాడు వేళ్లు మడిచి మరీ లెక్కపెట్టి, ఒక రోజు తగ్గించి, "రెండు," అంది ఫిజిక్సు టీచరు.